ఇతోమ్‌ని చెక్కమీద పడుకోబెట్టడం

మా దీవిలో సముద్రపు నాచు పెంచి, ఎండబెట్టి అమ్ముకునేవాళ్లలో తియోదోరా ఒకతె. చిన్నాపెద్దా అందరూ ఆమెను ‘నాంగ్ దోరా’ అంటారు. మా భాషలో నాంగ్ అంటే అక్క. ఒంటరి మనిషి, మాటలు తక్కువ.

ఆమె మొదటి కుక్క విషపు కప్పను కరిచి చచ్చిపోయింది. అది నురగలు కక్కుతూ కొట్టుకుంటుంటే ఇరుగుపొరుగు కొబ్బరిపాలు తెచ్చారు. దోరా దవడలు విడదీసి పట్టుకుంది, ఎవరో గొంతులో పోశారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. పశువుల డాక్టరు ఉండేది సముద్రానికి అవతల, తాలిబోన్‌లో. పడవ కదిలేలోపే అంతా అయిపోయింది.

చాలాకాలం ఆమె ఇంకో కుక్క జోలికి పోలేదు. చివరికి రేవులో ఎవరో వదిలేసిన నల్ల కుక్కపిల్ల ఒకటి వెంటపడి ఇంటికొచ్చింది. దానికి ఇతోమ్ అని, అంటే నల్లోడని, పేరు పెట్టింది. రేబిస్ సూది వేయించడానికి తాలిబోన్ తీసుకెళ్లినప్పుడు అక్కడి డాక్టరమ్మను పట్టుకుని వదల్లేదు. కప్పను కరిస్తే నోట్లో ఏమీ పోయకూడదని, తల కిందికి వంచి తడిగుడ్డతో చిగుళ్లు తుడవాలని ఆవిడ చెప్పింది. రక్తం కారుతుంటే గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి, మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. నొప్పిలో ఉన్న కుక్క పెంచినవాళ్లనైనా కరుస్తుంది కాబట్టి మూతికి గుడ్డ కట్టాలి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరాడకపోయినా మాత్రం కట్టకూడదు. దెబ్బ తగిలితే చేతులతో ఎత్తకుండా చెక్కమీద పడుకోబెట్టి మొయ్యాలి. ఇవన్నీ కుక్క బాగున్నప్పుడే అలవాటు చెయ్యాలని కూడా చెప్పింది.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు నాచు మంచెమీద ఎండుతుండగా దోరా ఒక పాత తలుపు చెక్క దించేది. ఇతోమ్‌ని దానిమీద పడుకోబెట్టి, మూతికి మెత్తటి గుడ్డ చుట్టి, విప్పి, ఉడకేసిన చిలగడదుంప ముక్క పెట్టేది. గుడ్డలూ తువాలూ ఒక సంచిలో వేసి గుమ్మం దగ్గర తగిలించింది.

పడవ నడిపే ప్లాసిడోకి ఇదంతా తమాషా. సాన్ రోకే అంటే కుక్కల్ని కాపాడే పునీతుడు, పండగరోజు ఆయన బొమ్మను మోసుకుంటూ ఊరేగిస్తారు.

“ఏంటి నాంగ్, ఈసారి సాన్ రోకే పండక్కి స్వామితోపాటు దీన్ని కూడా ఊరేగిస్తావా?”

“నవ్వుకో. కానీ దీనికేమైనా అయితే, పడవ నిండా జనమున్నా ఎక్కించుకోవాలి. మాటిస్తావా లేదా?”

“నా పక్కనే కూచోబెడతాలే,” అన్నాడు ప్లాసిడో.

ఒకరోజు దోరా ఆ పడవలోనే సంత నుంచి వస్తోంది. ఆమెను చూసి ఇతోమ్ ఈదుకుంటూ ఎదురొచ్చింది. ప్లాసిడో చూసుకునేసరికే పడవ వెనక నీళ్లలో తిరిగే ఇంజను రెక్క దాని వెనక కాలిని కోసేసింది.

అతను ఇంజను ఆపి నీళ్లలోకి దూకాడు. కుక్కను ఒడ్డుకు చేర్చి, కాలు పట్టుకుని ఎత్తబోయాడు. దోరా అతని చెయ్యి తోసేసి, తలమీది గుడ్డ తీసి గాయానికి అదిమింది.

“మా ఇంటికెళ్లి సంచీ, చెక్కా పట్రా. పరిగెత్తు.”

అతను వచ్చాక మూతి కట్టింది. ఇద్దరూ కలిసి ఇతోమ్‌ని చెక్కమీదికి జరిపారు. అది మూలిగింది గానీ పెనుగులాడలేదు. ఈలోపు ఒడ్డుకు చేరిన పడవలో తాలిబోన్ వెళ్లడానికి ఎక్కి కూచున్న జనం ఎవరూ చెప్పకుండానే సర్దుకుని చోటిచ్చారు. దారంతా దోరా గుడ్డమీద నుంచి చెయ్యి తీయలేదు.

కాలు దక్కలేదు. తొడ దగ్గరికి తీసేశారు. కుక్క బతికింది.

తర్వాత నేనొకసారి అడిగాను, అంత రక్తం చూసి భయం వెయ్యలేదా అని.

“అప్పుడు చేతినిండా పనుంది కదా,” అంది. “దాన్ని డాక్టరమ్మ లోపలికి తీసుకెళ్లాక వేసింది. వాకిట్లోనే కూలబడిపోయాను.”

ఇతోమ్ మూడు కాళ్లతో కుంటుకుంటూ ఊరంతా తిరుగుతుంది. నీళ్లలోకి మాత్రం దిగదు. ప్లాసిడో ఒడ్డుకు బాగా దూరంలోనే ఇంజను ఆపేసి, గెడ వేసుకుంటూ వస్తాడు. ఆలస్యమవుతోందని జనం గొణుగుతారు. అతను పట్టించుకోడు.