డీజిల్‌కి కాపడం

మొన్న మా ఎదురింటాయన కరెంటు కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా వీధిలో వాళ్లందరినీ ఒక్కొక్కరినే పిలిచి ఎక్కించి, "చూడండి సార్, పొగ లేదు, చప్పుడు లేదు, వాసనన్న మాటే లేదు" అని చెప్పుకొచ్చాడు. నేనూ ఎక్కి కూర్చుని ముక్కు ఎగబీల్చి చూశాను. నిజమే, కొత్త ప్లాస్టిక్ కంపు తప్ప ఏమీ లేదు. బాగుందండీ అని దిగి ఇంటికొచ్చి మా పాత డీజిల్ బండి పక్కన నిలబడేసరికి, తొమ్మిదేళ్ల కిందటి రోత ఒకటి మళ్లీ గుర్తొచ్చింది. ఆ రోత డీజిల్ మీదేనని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను.

డీజిల్ వాసనంత పాడు వాసన ఇంకోటి ఉండదు. పెట్రోలైతే కాసేపు గుప్పుమని గాలిలో కలిసిపోతుంది. ఇది అలా కాదు, పిలవని చుట్టంలా వచ్చి మంచమెక్కి కూర్చుంటుంది. ఆ ఏడాది మా బండి ముందు మూత కింద డీజిల్ కారడం మొదలైంది. చొక్కాకి అదే వాసన, అన్నం ముద్దకి అదే వాసన. కోవూరులో ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. ఒకడు గుడ్డతో తుడిచి "ఏంలేదు సార్" అన్నాడు. రెండోవాడు టార్చిలైటు వేసి చూసి, ఫిల్టరు మీద కూర్చున్న గుండ్రటి వస్తువును చూపించి, "ఇది హీటరు సార్, దీని కింద సీలు పోయింది. మొత్తం సెట్టు మార్చాల. మెడ్రాసు నుంచి రావాల, పది రోజులు పడతాది" అన్నాడు. హీటరేమిట్రా నాయనా అంటే, చలి దేశాల్లో డీజిల్ గడ్డకడుతుందట, దాన్ని వెచ్చబెట్టడానికట. రోహిణి కార్తెలో తారు రోడ్డు చెప్పులకు అంటుకునే నెల్లూరులో డీజిల్‌ని వెచ్చబెట్టే యంత్రం! అది ఒక్కనాడూ వెలిగి ఉండదు. పనికిరాని వస్తువు, పని చేయకుండా కారడం మాత్రం నేర్చుకుంది. ఛీ అనిపించింది.

ఆ పది రోజుల్లోనే ఒక ఆదివారం మా ఆవిడను వాకాడు పక్క సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింట్లో దింపడానికి వెళ్లాను. వెళ్లేసరికి చుక్కలుగా కారేది ధార కట్టింది. మర్నాడు పొద్దున గూడూరులో మా ఆఫీసరుగారినీ ఆయన భార్యనూ ఎక్కించుకుని నెల్లూరులో ఒక పెళ్లికి తీసుకెళ్తానని మాటిచ్చి ఉన్నాను. నా ప్రమోషను కాగితం అప్పుడు ఆయన బల్ల మీదే ఉంది. ఏం చేయాలో తోచక తల పట్టుకుని కూర్చుంటే, మా మామ వచ్చి "మూత ఎత్తు అబ్బయ్యా, చూస్తా" అన్నాడు.

మామ బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. ఒకప్పుడు ఆ ఒడ్డున ఏ ఇంజను దగ్గినా ఆయన కోసం మనిషి వచ్చేవాడు. కంట్లో పొర కమ్మాక ఒకసారి ఎవరిదో బోటులో బోల్టు అడ్డంగా బిగించి మర చుట్లు పాడుచేశాడట. ఆ తర్వాత రెండేళ్లుగా ఎవరూ పిలవలేదు. వలలు బాగుచేసుకునే వాళ్ల పక్కన కూర్చుని, పిలుస్తారేమోనని సముద్రం వైపు చూసేవాడు. నేనూ చేపల ఇంట్లో పుట్టినవాడినే. కానీ ఆఫీసు కుర్చీలో పాతికేళ్లు కూర్చున్నాక నా ముక్కు మారిపోయింది. మామ దగ్గరికొస్తే ఉప్పుచేప, చుట్ట, గ్రీజు మూడూ కలిసిన వాసన వచ్చేది. నేను మాట్లాడే నెపంతో రెండడుగులు వెనక్కి జరిగేవాణ్ని.

ఆ రోజు ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చూపు ఆనదు కదా, తడి ఎక్కడ మొదలవుతోందో వేలితో తడిమి, ఆ వేలు నాలుకకు రాసుకుని, థూ అని ఉమ్మి, మళ్లీ తడిమాడు. అలా నాలుగైదుసార్లు! ఎవరైనా డీజిల్ నాకుతారా? నేను మొహం తిప్పేసుకున్నాను. చివరికి హీటరు కిందే వేలు ఆపి, "ఇదేంది, బోటుకి ఇట్టాంటిది ఉండదే?" అన్నాడు. చెప్పాను. పడీపడీ నవ్వాడు. "ఈడ మనుషులే ఉడికిపోతా ఉంటే, డీజిల్‌కి కాపడం కావాల్నా అబ్బయ్యా! పీకేస్తా పో" అన్నాడు.

పీకేశాడు. హీటరు పోగా మిగిలిన కన్నానికి సరిపోయే బోల్టు కోసం తుప్పు పట్టిన డబ్బా అంతా నేల మీద కుమ్మరించి, ఒక్కో బోల్టు మరనూ గోటితో గీరి చూసి ఏరాడు. పాత రాగి వాషరు ఒకటి తీసి, లోపల అత్త చేపల పులుసు పెట్టుకున్న పొయ్యిలోనే ఎర్రగా కాల్చి, చెంబు నీళ్లలో చుయ్యిమనిపించాడు. రాగి మెత్తబడి సందు లేకుండా అతుక్కుంటుందట. నాకైతే ఆ పులుసు ఎలా తినాలా అన్నదే దిగులు. బిగించి, గాలి బుడగలు పోయేదాకా పంపు నొక్కి, ఇంజను ఆన్ చేయమన్నాడు. బోల్టు చుట్టూ వేలు తిప్పి నాలుకకు రాసుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు. "పొడిగా ఉండాది" అని నవ్వాడు.

ఆ ఒడ్డున ఒక పద్ధతి ఉంది. ఇంజను బాగుచేసినవాడు మొదటిసారి ఆ బోటులోనే సముద్రం మీదికి పోవాలి. మధ్యలో ఆగితే వాడూ మనతోనే మునుగుతాడన్న ధైర్యం. బోటువాడు ఎక్కించుకోకుండా పోయాడంటే, వాడి పని మీద నమ్మకం లేదని ఊరందరి ముందూ చాటినట్టే. ఇక వాణ్ని ఎవరూ పిలవరు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నేను అక్కడ పుట్టినవాణ్నే. మర్నాడు పొద్దున్నే మామ "నేనూ వస్తా అబ్బయ్యా, నెల్లూరు దాకా. బస్సులో తిరుక్కొస్తాలే" అన్నాడు. వలల దగ్గర నలుగురైదుగురు మా వైపే చూస్తున్నారు. వాళ్లలో ఇద్దరికి సొంత బోట్లున్నాయి. ఆయన కారెక్కితే వాళ్లు మళ్లీ పిలుస్తారని ఆయనకు ఆశ. నాకేమో వెనక సీట్లో పట్టుచీర కట్టుకున్న ఆఫీసరు భార్య, ముందు సీట్లో ఈ ఉప్పుచేప, చుట్ట, గ్రీజు కళ్ల ముందు మెదిలాయి. రావద్దని ముఖాన చెప్పే దమ్ము కూడా లేకపోయింది. "సరే మామా, స్నానం చేసి రా" అన్నాను. ఆయన దొడ్లోకి వెళ్లి నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినబడుతూ ఉండగానే బండి తీసేశాను. మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూశాను. తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆయన రోడ్డు మీదికి వచ్చాడు.

నెల్లూరు దాకా ఒక్క చుక్క కారలేదు. "మీ బండి భలే శుభ్రంగా ఉందండీ, వాసనే లేదు" అన్నారు ఆఫీసరుగారు. నేను సిగ్గు లేకుండా ఇకిలించాను. సాయంత్రం మా ఆవిడ ఫోను చేసి, "ఎంత పని చేసినావు! నాయన ఆ చొక్కా ఇప్పకుండా రోడ్డు మీదే కూర్చోనుండాడు. నువ్వు మర్చిపోయినావు, తిరిగొస్తావు అంటాడు" అంది. నేను ఆఫీసు తొందరని ఏదో చెప్పాను.

నెల తర్వాత వెళ్తే మామ స్పానర్ల డబ్బా ఇంట్లో లేదు. పాత ఇనుము వాడికి ఇచ్చేశాడట. మామ నన్ను చూసి, "కారిందా?" అని మాత్రం అడిగాడు. "లేదు మామా, చుక్క కూడా లేదు" అన్నాను. ఆయన వలల వైపు గడ్డం ఎత్తి చూపించి, "ఆ ముక్క ఆడ చెప్పు అబ్బయ్యా" అన్నాడు. చెబుతాలే అన్నాను. తలవంచుకుని వాళ్ల ముందుకు పోవాలంటే నామోషీ అనిపించింది. ఆ పూట చెప్పలేదు, పై పండక్కి వెళ్లినప్పుడూ చెప్పలేదు, ఆ మరుసటి ఏడు ఆయన్ని మోసుకుపోతున్నప్పుడు ఆ నలుగురూ నా పక్కనే నడుస్తున్నా చెప్పలేదు. చెప్పడానికి అర నిమిషం చాలు. తొమ్మిదేళ్లలో ఆ అర నిమిషం నాకు దొరకలేదు.