కుటుంబానికి ఒక గాలం

దౌ అనే అరబ్బుల చెక్క పడవ ఎక్కగానే గాలాలు పంచారు. కర్రలు లేవు, దారం, సీసం గుండు, కొక్కెం, అంతే. పంచిన కేరళ సరంగు అన్నీ మగవాళ్ళ చేతుల్లోనే పెట్టి, ఆడవాళ్ళకు పేపరు ప్లేట్లిచ్చాడు. నాకూ ఒకటి ఇమ్మన్నాను.

"ఏక్ ఫ్యామిలీ, ఏక్ లైన్. ఖలాస్, మేడమ్!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మా ఆయన కంపెనీ వాళ్ళు కుటుంబాలకు ఏర్పాటు చేసిన షికారు అది. ఆయనది హైదరాబాదు. ఆయనకు తెలిసిన చేప హోటల్లో ముల్లు తీసి వేయించి ఇచ్చే అపోలో ఫిష్ ఒక్కటే. నేనేమో బందరు దగ్గర ఉప్పుటేరు గట్టున నాన్న పక్కన గాలం పట్టుకుని పెరిగినదాన్ని. దోహా వచ్చి పదకొండేళ్ళు. రోజూ వెస్ట్ బేలో మా ఆఫీసు కిటికీలోంచి ఈ సముద్రాన్ని చూడడమే గానీ ఒక్కసారైనా చెయ్యి తడిపింది లేదు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఎప్పటికో! చీకటి పడేలోగా ఆ గాలం నా చేతికి రావాల్సిందే అనుకున్నాను.

పడవ ఆగింది. అడుగంతా ఇసుక, నాలుక చేపలుంటాయని సరంగు హిందీలో చెప్పాడు. నా గుండె ఎగిరి గంతేసింది. ఆ చేప చెప్పు అట్టలా బల్లపరుపుగా ఉంటుంది. ఇసుకలో ఒళ్ళు దాచుకుని, ఒకే వైపున్న రెండు కళ్ళతో పైకి చూస్తూ పడుకుంటుంది. ఎర అందుకుని పరుగెత్తదు, మెల్లగా చప్పరిస్తుంది. అప్పుడు లాగామో, అంతే సంగతులు.

మా ఆయన సరిగ్గా అదే చేశారు. దారం కదిలిందో లేదో, బావిలో నీళ్ళు చేదినట్టు బరబరా లాగేశారు. రొయ్య ముక్క పోయి ఖాళీ కొక్కెం వచ్చింది. రెండోసారీ అంతే.

"లాగమాకండి, మింగనివ్వండి!" అన్నాను.

"నువ్వు జర ఆగు. ఇప్పుడు పడ్తది చూడు," అన్నారు.

పక్కనే ఆయన మేనేజరు ఉన్నాడు. గాలం పెళ్ళాం చేతికిస్తే పరువు పోతుందని ఈయన బాధ. మూడోసారీ ఖాళీ కొక్కెమే వచ్చేసరికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రొయ్యలు బాగాలేవన్నారు.

ఒడ్డున మేడల్లో దీపాలు వెలిగాయి. "యల్లా, లాస్ట్!" అంటూ, ఇదే ఆఖరుసారి, కానివ్వమని సరంగు కేకేశాడు. ఇక మొహమాటం కట్టిపెట్టి, నా చేతిలోని ప్లేట్లు ఆయనకిచ్చి గాలం లాక్కున్నాను. కొక్కేనికి కొత్త రొయ్య ముక్క గుచ్చి నీళ్ళలోకి వదిలాను.

గుండు అడుగున తగిలింది. దారాన్ని చూపుడువేలి మీద వేసుకున్నాను. చిన్న కదలిక. లాగలేదు. మరొకటి. ఊపిరి బిగబట్టాను. ఉన్నట్టుండి దారం తడి దుప్పటిలా బరువెక్కింది. ఒక్క గుంజు గుంజాను!

"పడిందండీ, పడింది!"

దారం వేలు కోస్తున్నా తెలియలేదు. మూరెడు నాలుక చేప వచ్చి పడవలో పడి టపటపా కొట్టుకుంది. సంతోషంతో ఏడుపొచ్చింది నాకు.

అందరూ మూగారు. మేనేజరు "శభాష్" అంటూ మా ఆయన భుజం తట్టి, చేపను ఆయన చేతుల్లో పెట్టించి, ఫొటోకని ఫోన్ తీశాడు. ఈయన ఇబ్బందిగా నవ్వుతూ నిలబడ్డారు. 'పట్టింది నేను కాదు' అని ఒక్క మాట అనరేం? నా సంతోషమంతా చప్పున చల్లారింది.

అంతలో చేప ఒక్క తన్ను తన్ని, ఆయన చేతుల్లోంచి జారి పడవ అంచుకేసి పోయింది. నేను మోకాళ్ళ మీద పడి, రెండు చేతులా దాన్ని ఒడిసిపట్టుకున్నాను. మేనేజరు ఫోన్ నొక్కింది సరిగ్గా అప్పుడే. ఫొటోలో జుట్టు ముడి ఊడి, చుడీదారు తడిసి, చేపను గుండెకు హత్తుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. మా ఆయనవి బూట్లు మాత్రమే పడ్డాయి.

ఒడ్డు చేరకముందే ఆయన ఆ ఫొటోను హైదరాబాదులో ఉన్న తమ్ముళ్ళకు పంపారు. కింద ఏం రాశారో తొంగి చూశాను.

"మీ వదిన పట్టింది. నాతోని కాలె."