టెర్రస్ తాళం ఇవ్వొద్దన్న మనిషి

దెయ్యాలు, ఆత్మలు లాంటి వాటి మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ లేదు. మా అమ్మ యూసుఫ్‌గూడలో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. చిన్నప్పుడు చీకట్లో ఏదో కదిలిందని నేను భయపడితే టార్చిలైటు చేతికిచ్చి "వెళ్లి చూసి రా" అనేది. చూసి వచ్చేదాన్ని. ఏమీ ఉండేది కాదు. అలా పెరిగినదాన్ని కాబట్టే ఈ సంగతి రాయడానికి రెండేళ్లు తటపటాయించాను.

నా పేరు సాహితి. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రైవేటు మీడియా కాలేజీలో చదివాను. చివరి ఏడాది ప్రాజెక్టుకి ముగ్గురం కలిసి ఒక మ్యూజిక్ వీడియో తీద్దామనుకున్నాం. కెమెరా శ్రవణ్‌ది. పాట రాసి, పాడి, అందులో నటించేది హారిక. డైరెక్షన్ నాది.

పేరు వచ్చాక మనిషికి ఏమవుతుందన్నది మా కథ. ఇది మేం పుస్తకాల్లో వెతికి పట్టుకున్నది కాదు. అంతకు ముందు ఏడాది హారిక అరనిమిషం పాడిన పాట ఒకటి ఫోన్లలో తెగ తిరిగింది. ఓ పది రోజులపాటు అది కృష్ణానగర్ బస్టాపులో కనబడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి సెల్ఫీ అడిగేవాళ్లు. తర్వాత ఎవడో హారిక పళ్ల గురించి వెటకారంగా ఒక మాట రాశాడు. ఇంకెవడో దాని నవ్వుని కత్తిరించి వెక్కిరింపు వీడియో చేశాడు. అంతే, రెండు నెలలు అది కాలేజీకి రాలేదు. వచ్చాక కూడా చాలా రోజులు మాస్కు తీయలేదు.

మా వీడియో కోసం అది రాసిన పాట అందులోంచి వచ్చింది. పాట తనదే అయినా వీడియో నాది అనుకున్నాను.

చివరి షాట్ నా బుర్రలో ఎప్పుడో తయారైపోయింది. వెండి రంగు తళుకుల గౌను వేసుకుని, పాత మేడ పిట్టగోడ మీద కాళ్లు బయటికి వేసి హారిక కూర్చోవాలి. అప్పుడే సంధ్య పడి, కింద ఫిల్మ్‌నగర్ దీపాలు ఒక్కొక్కటే వెలగాలి. వెనక తాళ్లూ అవీ ఏమీ వద్దన్నాను. కడితే మొహంలో తెలిసిపోతుందన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

బుధవారం కాలేజీలో మా ప్లాన్ చెప్పాల్సి వచ్చింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాటేదాకా మేం ముగ్గురం సెమినార్ హాల్లోనే ఉన్నాం. రెండు పూటలా అటెండెన్స్‌లో సంతకాలున్నాయి. భోజనం కూడా అక్కడే చేశాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఒక సార్ పిట్టగోడ షాట్ విని "జాగ్రత్తలేంటమ్మా?" అని అడిగారు. "చూసుకుంటాం సార్" అన్నాను. హారిక తల వంచుకుని కూర్చుంది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

మర్నాడు గురువారం, మధ్యాహ్నం కృష్ణానగర్‌లో డ్రెస్సులు కిరాయికిచ్చే షాపుకి వెళ్లాం. వారం కిందటే ఆ గౌను చూసి మాకోసం పక్కన పెట్టమని చెప్పి వచ్చాను. షాపాయన్ని అందరూ సలీం భాయ్ అంటారు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"క్యా అమ్మా, నిన్ననే కదా వచ్చి వద్దని చెప్పినవ్? వేరే సినిమావాళ్లకి ఇచ్చేసిన."

నేను నిన్న రాలేదన్నాను. ఆయన నవ్వాడు. "జర యాద్ చేస్కో. పొడుగు గౌను, కాళ్లకు చుట్టుకుంటది, వద్దు భాయ్ అన్నవ్. గీడనే నిలబడ్డవ్."

వేరేవాళ్లకి ఇచ్చేసి కథలు చెబుతున్నాడనుకున్నాం. శ్రవణ్ కాసేపు గొడవపడ్డాడు. నాకు కోపం వచ్చిందే తప్ప అనుమానమేమీ రాలేదు. ఇంకో డ్రెస్సు చూసుకుందాంలే అని ఆటో ఎక్కాం.

అక్కడి నుంచి ఇల్లు చూడటానికి వెళ్లాం. ఫిల్మ్‌నగర్ వైపు దిగే ఒక సందులో పాత రెండంతస్తుల ఇల్లు. ఒకప్పుడు షూటింగులకి ఇచ్చేవాళ్లట. ఇప్పుడు ఖాళీ. హారిక వాళ్ల మామయ్యకి ఓనరు తెలుసు కాబట్టి ఆదివారం ఒక్కరోజుకి ఒప్పుకున్నారు. అది కూడా మంగళవారం రాత్రి ఫోన్లో ఖాయమైంది. మా ముగ్గురిలో ఎవరం అంతకు ముందు ఆ ఇంటి మొహం చూడలేదు.

ఇల్లు చూసుకునేది యాదమ్మ అనే పెద్దావిడ. గేటు తీసి, మిగతా ఇద్దరినీ వదిలేసి నా వైపే చూసింది.

"మళ్లొచ్చినవా బిడ్డా? పాణం ఎట్లున్నది?"

సలీం భాయ్ షాపులో రాని అనుమానం అప్పుడొచ్చింది. "నేను ఎప్పుడొచ్చాను అమ్మా?" అని అడిగాను.

"నిన్ననే గదా. బుక్కుల కూడా రాసినవ్."

వచ్చినవాళ్లు పేర్లు రాసే పుస్తకం ఒకటి తెచ్చి చూపించింది. చివరి వరుసలో నా పేరుంది. నా ఫోన్ నంబరుంది. ఏడు అంకెకి మధ్యలో అడ్డగీత పెట్టడం నాకు స్కూలు రోజుల నుంచీ అలవాటు. అక్కడా ఉంది. టైము మూడుంపావు. పై వరుసల్లో వాళ్లంతా వచ్చిన పని అన్న చోట షూటింగ్ అనో, ఇల్లు చూడటానికనో రాశారు. నా పేరు పక్కన మాత్రం "టెర్రస్ తాళం ఎవరికీ ఇవ్వొద్దని చెప్పడానికి" అని ఉంది.

చేతిరాత నాదే. నాలాగా ఉండటం కాదు, నాదే. శ్రవణ్ ఆ పేజీకి ఫోటో తీశాడు. అది ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. తర్వాత మా అమ్మకి ఏమీ చెప్పకుండా చూపిస్తే "నీ రాతేగా, ఏంటిది?" అంది.

"ఎవరో మనతోని ఆటలాడుతున్నరు," అన్నాడు శ్రవణ్. "ఇంకో బ్యాచోళ్లే అయుంటరు."

నేనూ ఆ మాటే పట్టుకున్నాను. నిన్న మూడుంపావుకి నేను ప్రొజెక్టరు పక్కన నిలబడి మాట్లాడుతున్నానని నలభై మంది చూశారు. కాబట్టి ఇది ఎవరో చేసిన పని. అంతకంటే ఏముంటుంది? ఓనరుకి ఫోన్ చేశాను. ఆయన నవ్వి, టెర్రస్ తీసి చూపించమని యాదమ్మతో చెప్పాడు.

యాదమ్మ ఫోన్ నా చేతికిచ్చి "తాళంచెవి నా తాన యాడున్నది? నిన్న నీ చేతికే ఇచ్చిన. పట్కపోయినవ్," అంది. ఇంకో తాళంచెవి లేదు.

అప్పుడు నేను ప్రవర్తించిన తీరు నాకే నచ్చదు. మెట్లెక్కి టెర్రస్ తలుపు దాకా వెళ్లాను. పెద్ద పాత తాళం. సుత్తి ఉంటే పగలగొడదామన్నాను, కొత్త తాళం నేనే కొనిస్తానన్నాను. ఎవరో నా పేరు పెట్టుకుని నా షాట్ ఆపాలని చూస్తున్నారన్న కసి తప్ప ఇంకేమీ తోచలేదు. శ్రవణ్ సుత్తి కోసం కిందికి దిగబోయాడు.

హారిక మెట్ల మీద కూర్చుండిపోయింది.

"సాహితీ, నేను ఆ గోడ మీద కూర్చోను."

"ఇప్పుడా చెప్పేది?"

"వారం నుంచి చెబుదామనే చూస్తున్నా. ఆ షాట్ గురించి చెప్పేటప్పుడు నీ మొహం చూసి నోరు రాలేదు." తలెత్తి నన్ను చూస్తూ అంది, "నన్ను ఊరంతా చూసి నవ్వడం అయిపోయింది కదే. ఇప్పుడు నువ్వు కూడా నన్ను అంచున కూర్చోబెట్టి చూపిస్తావా?"

శ్రవణ్ దిగబోయినవాడు ఆగాడు. దాని పక్కన కూర్చున్నాను. "సరే, కింద హాల్లో తీద్దాం," అన్నాను.

ఆ రాత్రి, మర్నాడు కూడా స్థిమితం లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆ వరుసలో ఉన్న నంబరు నాదే కదా, దానికే కాల్ చేస్తే ఎవరు తీస్తారన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది. శుక్ర, శనివారాలు వాన కురుస్తూనే ఉంది. ఆదివారానికి తెరిపిచ్చింది.

హాల్లో కిటికీ పక్కన హారిక మామూలు చుడీదార్‌లో కూర్చుని పాడింది. నేను కట్ చెప్పలేదు. ఎన్నాళ్లుగానో చూడని హారిక అక్కడుంది. మొదట్లో పిట్టగోడ షాట్ అనుకున్నది సరిగ్గా ఆ వేళకే. రెండో చరణం సగంలో ఉండగా పెద్ద చప్పుడైంది. కిటికీ అద్దాలు అదిరాయి. ఎర్రటి దుమ్ము లేచింది.

బయటికి పరుగెత్తాం. పడమటి వైపు పిట్టగోడ పదడుగుల మేర విరిగి కింద సిమెంటు వాకిట్లో పడి ఉంది. ఫిల్మ్‌నగర్ దీపాలు కనబడాలంటే కూర్చోవాల్సింది ఆ వైపే.

ఎవరికీ ఏమీ కాలేదు. యాదమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడింది. హారిక నా మణికట్టు ఎంత గట్టిగా పట్టుకుందంటే రెండు రోజులు మచ్చ పోలేదు. తర్వాత ఓనరు పంపిన ఇంజనీరు చూసి, లోపల ఇనుము ఎప్పుడో తుప్పుపట్టి తినేసిందని, వాననీళ్లు దిగాయని చెప్పాడట. గోడ పడటానికి కారణం ఉంది. అది నాకు అర్థమవుతుంది.

మిగతాదే అర్థం కాదు. ఇంకో బ్యాచ్ వాళ్లని అడిగాను. మేం కాదని ప్రమాణాలు చేశారు. సలీం భాయ్ షాపు కెమెరాలో బుధవారం రికార్డింగ్ చూద్దామని వెళ్తే, మూడు రోజులవి మాత్రమే ఉంటాయి, పైవి చెరిగిపోతాయన్నాడు. నాలాంటి అమ్మాయి ఎవరైనా ఉందనుకుందామంటే, నా నంబరు ఎలా తెలిసింది? నేను ఏడుకి పెట్టే అడ్డగీత ఎలా తెలిసింది? ఇప్పటికీ ఎవరైనా "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ" అంటే ఊరుకోలేను. ఎక్కడ, ఎప్పుడు అని గుచ్చి గుచ్చి అడుగుతాను. పాపం, వాళ్లు బెదిరిపోతారు.

నెల తర్వాత ఆ ఇల్లు పడగొడుతున్నారని తెలిసి ఒక్కదాన్నే వెళ్లాను. యాదమ్మ సామాను సర్దుకుంటోంది. ఆ బుధవారం వచ్చినావిడ ఇంకేం చేసిందో చెప్పమన్నాను. నన్ను అదోలా చూసింది. నా గురించి నేనే అడుగుతున్నానని ఆమె లెక్క.

"పైకి పోనే లేదు నువ్వు. తాళంచెవి తీస్కొని, గీడ వాకిట్ల కూసున్నవ్," అని చెయ్యి చూపించింది. పిట్టగోడ పడిన చోటే. "పొద్దు గూకేదాంక ఏడుస్తనే ఉన్నవ్. మంచినీళ్లిస్తే తాగలేదు. ఎవరు పోయిండ్రు బిడ్డా అనడిగిన. 'ఇంకా పోలేదమ్మా' అన్నవ్."

నేను రాలేదు. ఏడవలేదు. ఆ మాట అనలేదు. మరి ఎవరన్నారో నాకు తెలియదు. దీనికి ఒక కారణం చెప్పగలిగిన రోజున అందరికంటే ముందు మా అమ్మకి చెబుతాను.

హారిక ఇప్పుడు బంజారాహిల్స్‌లో ఒక స్కూల్లో పిల్లలకి పాట నేర్పుతోంది. ఇందులో జరిగినదంతా దానికి తెలుసు. యాదమ్మ చెప్పిన ఆ చివరి మాట మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను.