మూడు సొట్ట గుండ్లతో కల్వకుర్తి దాకా

ఈ జూన్‌లో నేను నల్గొండ నుంచి కల్వకుర్తికి వెళ్ళడానికి కారణాలు రెండు. మొదటిది, మా అమ్మాయి విమలకు అక్కడి ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం సాయంత్రం నాలుగు లోపల చేరాలి. రెండోది, ఆమె తల్లి మెడలో వేసుకునే బంగారు గుండ్లపేరు దారం తెగింది. అమ్మ గుండ్లు మెడలో లేకుండా మొదటి రోజు బడిలో అడుగు పెట్టనని విమల పట్టు పట్టింది. దారం ఎక్కించేవాళ్ళు నల్గొండలో లేక కాదు. ఆ గుండ్లు చేసిన అవుసులాయన, అంటే కంసాలి, కల్వకుర్తిలో ఉన్నాడు. నా భార్య యశోద ఏనాడూ వాటిని ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. పోయిన మాఘంలో ఆమె పోయింది. నేనూ ఇవ్వదలచుకోలేదు.

యశోద ఎలా కట్టుకునేదో చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. మా వీధికి ముత్యాలమ్మ అనే ఆమె గిన్నెల గంప ఎత్తుకొని వచ్చేది. పాత బట్టలు తీసుకొని గిన్నెలు ఇచ్చేది. అందరూ బట్టలు వేసి గిన్నెలు తీసుకుంటే, యశోద ఆమె మూట విప్పించి పాత గద్వాల చీరలు ఏరుకునేది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. నూలు ముందు చిరుగుతుంది. "చీర పోతది గని అంచు పోదు" అనేది ఆమె. ఆ అంచు విప్పి, అంగట్లో కొన్న సాదా నూలు చీరకు కుట్టేది. తిప్పి చూసినా కుట్టు దొరికేది కాదు. షేర్వాణీల కాలం పోయాక ఆ మూటలోనే ఒక నల్ల షేర్వాణీ వచ్చింది. దాన్ని నడుము కిందికి కోసి నాకు కోటు చేసింది. పదేళ్ళుగా వేసుకుంటున్నాను. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఆమె చీర పట్టుకొని ఏ దుకాణంలో కొన్నావని అడిగేవారు. "ముత్యాలమ్మ దుకాణంల. మీ వాకిట్లకే వస్తది, ఆపి కొనుక్కోన్రి" అనేది. దాచేది కాదు.

నగల్లో ఆమెకు పుస్తెలు గాక ఉన్నది ఆ ఒక్క గుండ్లపేరు. అందరూ గుండ్లు రొమ్ము మీదికి వేలాడేట్టు వేసుకుంటే, ఆమె గొంతుకు ఆనించి, పొట్టిగా కట్టుకునేది. కొన్నాళ్ళకు మా వీధిలో మరి నలుగురు అలాగే కట్టించుకున్నారు. ఆమె పోయాక, పునిస్త్రీగా పోయినామె చీర మంచిదని ఇరుగుపొరుగు అడిగితే ఇచ్చేశాను. ముత్యాలమ్మ కూడా వచ్చి ఒకటి అడిగింది. "గిది అమ్ముకోను సారూ, కట్టుకుంట. నా మూటల చీరే గని, మీ ఇంట్లకెళ్ళి వస్తే వేరే" అంది. చివరికి మిగిలినవి రెండు: విమల ఉంచుకున్న ముదురు ఆకుపచ్చ చీర ఒకటి, ఈ గుండ్లు. విమల ఆ సోమవారం ప్రయాణానికి ఆ చీరే కట్టింది. నేను నా కోటు వేసుకున్నాను.

నల్గొండ నుంచి కల్వకుర్తికి నేరుగా బస్సు దొరకడం కష్టం. దేవరకొండలో మారాలి. పొద్దున ఆరుంబావుకు మొదటి బస్సు. టికెట్టు రూపాయి డెబ్బై పైసలు, పైన వేసిన ట్రంకు పెట్టెకు పావలా. కుడివైపు కూర్చుంటే పొద్దటి ఎండ తగలదు. మృగశిర వానలు రెండు పడ్డాయి. ఎర్రనేలల్లో ఆముదాలు వేస్తున్నారు. బండరాళ్ళ గుట్టల మధ్య రోడ్డు బాగానే ఉంది. కొండమల్లేపల్లి దాటాక గుంతలు మొదలవుతాయి. గుండ్లు ఒక గుడ్డలో మూటగట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా చెయ్యి అక్కడికి పోయేది. విమల చూసి, "నాకియ్యి బాపు" అంది. ఇవ్వలేదు.

ఎనిమిదిన్నరకు దేవరకొండలో దిగాము. బస్టాండు ఎదురుగా తాటాకు పందిరి కింద ఒక హోటలు ఉంది. ఉప్మా, చాయ్ ఇద్దరికీ కలిపి అరవై పైసలు. వండే ఆయన నా పళ్ళెంలో చెంచాడు నెయ్యి వేశాడు, అడగకుండానే.

"నెయ్యికి వేరే పైసలా?" అన్నాను.

"వద్దు సారూ. తాలూకాఫీసుకు వచ్చిన్రు గదా. కోటు జూస్తేనే ఎరుకైంది."

విమల నవ్వు ఆపుకోలేకపోయింది. "కోటు తహశీల్దారుదే అయ్యుంటది తాతా. లోపలున్నది మాత్రం లెక్కల సారు."

ఆయన నా కోటు వైపు మళ్ళీ చూశాడు. "అయితేంది, కోటు పెద్దోళ్ళదే. తినున్రి" అని పోయాడు. నెయ్యి మంచిది. ఆ దారిలో పోయేవాళ్ళు అక్కడ తినవచ్చు, కోటు లేకపోయినా.

రెండో బస్సు తొమ్మిదిన్నరకు అన్నారు. పదింటికి కదిలింది. టికెట్టు రూపాయిన్నర. మా ముందు సీటులో ఒక ముసలామె వెనక్కి తిరిగి విమల పైటకొంగు పట్టుకుంది. చాలాసేపు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"గీ అంచు నేనెరుగుదు. మా దొర గడిల చిన్నదొరసానిది. నేనే ఉతికి ఆరేసిన" అంది, బస్సంతా వినేట్టు. "ఏం బిడ్డా, యాడికి?"

"కల్వకుర్తికి అవ్వా. టీచరుగ చేరనీకె."

"పంతులమ్మవా! మరి గీ పాత చీరేంది? మీ బాపు కొత్త చీర కొనలేదా?"

ఎవరో నవ్వారు. కండక్టరు టికెట్లు ఇవ్వడం ఆపి చూశాడు. నేను కిటికీ వైపు తిరగబోయాను. విమల మాత్రం కొంగు ఆమె చేతిలో నుంచి లాక్కోలేదు. ఇంకొంచెం ముందుకు జరిపి ఇచ్చింది.

"అంచు పాతది, చీర కొత్తది అవ్వా. రెంటిని కలిపింది మా అమ్మ. ఏడ కలిసినయో నువ్వే చూపెట్టు."

ముసలామె కొంగు కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. తిప్పింది. వేలితో అంచు వెంబడి తడిమింది. దొరకలేదు. చిన్నదొరసాని మాట నిజమో కాదో నాకు తెలియదు. కుట్టు దొరకలేదన్నది మాత్రం నేను చూశాను.

"దొరసాని దగ్గరున్నప్పుడు గింత అందం లేదు తియ్" అని కొంగు వదిలింది. కాసేపటికి మళ్ళీ తిరిగి, "మీ అమ్మ నాకొకటి కుట్టిస్తదా?" అంది.

విమల నా వైపు చూసింది. "లేదు అవ్వా. మా అమ్మ పోయింది" అని తనే చెప్పింది. ముసలామె నాలుక కరుచుకొని, ఒడిలోని సీతాఫలమంత బెల్లపు ముద్దలో ఒక తునక విరిచి ఆమె చేతిలో పెట్టింది.

పన్నెండున్నరకు కల్వకుర్తి చేరాము. హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీది ఊరు. బస్టాండు దగ్గర అంగడి వీధి. ఆ వీధి చివర అవుసుల వీరాచారి ఇల్లు, పది నిమిషాల నడక. ముందరి అరుగు మీదే ఆయన పని: కుంపటి, ఊదుగొట్టం, చిన్న పెట్టెలో గురివింద గింజల తూకం. బంగారం మీద సర్కారు కట్టడి వచ్చినప్పటి నుంచి కొత్త నగలు తగ్గి, పాతవి బాగుచేయడమే ఎక్కువైందట. డెబ్బై దగ్గర వయసు. "రా అల్లుడా" అన్నాడు. యశోద పుట్టిల్లు ఆ ఊరికి నాలుగు మైళ్ళు. ఆ లెక్కన ఆ చుట్టుపక్కల అందరికీ నేను అల్లుణ్ణే. ఆమె పోయిన సంగతి ఆయనకు తెలుసు. మంచినీళ్ళు ఇచ్చి, ఏమీ అడగకుండా చెయ్యి చాచాడు. మూట ఇచ్చాను.

ఇరవై ఒక్క గుండ్లు పళ్ళెంలో పోశాడు. లోపల లక్క, పైన పలుచని బంగారు రేకు. ఒక్కొక్కటి వేలితో దొర్లించి, మూడింటిని పక్కకు పెట్టాడు.

"మన్మరాలా, గీ మూడు సొట్టలు నా కంట్లె నలుసు. నా చేతి పని గిట్లుంటే నాకే ఇజ్జత్ తక్కువ. మీ అమ్మ ఎన్నడు తియ్యనియ్యలే. ఎందుకో చెప్పలే."

"పైసలు దండుగ అనుకున్నదేమో తాతా" అంది విమల. "నువ్వు తియ్యి. బడిల అందరు మెడలకే చూస్తరు. నా మొదటి జీతంల ఇస్త."

"లక్క కరగబెట్టి, లోపల్నుంచి ఎత్తి, మల్ల నింపుత. గంట పని. కొత్తదాని లెక్క చేస్త" అని ఆయన కుంపటి రాజేశాడు. ముఖంలో సంతోషం కనిపిస్తూనే ఉంది.

ఆ సొట్టలు ఏమిటో విమలకు తెలుసని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. తల్లి చెప్పి ఉంటుందని నేను, తండ్రి చెప్తాడని యశోద, ఇద్దరం ఊరుకున్నట్టున్నాము. ఇప్పుడు చెప్పాలంటే యశోద గురించి మాట్లాడాలి. మాఘం నుంచి నేను ఇంట్లో ఆ పని చేయలేదు. వీరాచారి ఊదుగొట్టం ఊదాడు. బొగ్గులు ఎర్రబడ్డాయి. మొదటి గుండును పట్టుకారుతో పట్టుకున్నాడు.

"ఆగు మామా" అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏంది బాపు?"

"అవి నీ పండ్లు."

ఆమెకు అర్థం కాలేదు. చెప్పాల్సి వచ్చింది. "నీకు తొమ్మిదో నెల. కింద రెండు పండ్లు వచ్చినయి. మీ అమ్మ భుజం మీద ఉండి, గుండ్లు నోట్లె పెట్టుకొని కొరికినవ్. మూడింటికి పడ్డ సొట్టలు తియ్యిద్దామని నేనే అన్న. మీ అమ్మ వద్దన్నది."

యశోద చదువుకోలేదు. ఏ కాగితం మీదైనా బొటనవేలి ముద్ర వేసేది. మా వైపు దాన్ని నిశాని అంటారు. గుర్తుగా దాచుకున్న వస్తువునూ నిశాని అనే అంటారు. ఆ రోజు ఆమె అన్న మాటను ఆ అరుగు మీద ఉన్నదున్నట్టు అప్పజెప్పాను: "నేను కాయితం మీద నిశాని ఏస్త. నా బిడ్డ బంగారం మీద ఏసింది. ఎట్ల చెరుపుతరు?"

మళ్ళీ కొరకకుండా ఆమె దారం పొట్టిగా కట్టించి గొంతుకు ఆనించుకుంది. పిల్ల పెద్దదయ్యాక కూడా దించలేదు. మా వీధి నేర్చుకున్న ఆ కట్టు వెనక ఉన్నది అంతే.

వీరాచారి గుండును పళ్ళెంలో పెట్టాడు. కుంపటి మీద మూత వేశాడు. "గందుకా!" అన్నాడు. "నా పనితనం మీద నమ్మకం లేదనుకొని ఇన్నేండ్లు కోపం పెట్టుకున్న ఆ పిల్ల మీద."

విమల ఒక గుండు తీసుకొని, సొట్ట మీద బొటనవేలు ఆనించి కూర్చుంది. ఆయన పట్టుదారం పేని గుండ్లు ఎక్కించసాగాడు. కొన్ని ఎక్కించాక ఆగాడు.

"గీ మూడు ఎన్కకు పెట్టన్నా? జడ కింద కనవడవు. మీ అమ్మకు గట్లనే పెట్టిన."

"ముంగట పెట్టు తాతా. నడిమిట్ల."

"మూడూనా?"

"మూడూ. పొట్టిగ కట్టు."

"ఎవరన్న అడిగితే చారి చేతులు వణికినయని మాత్రం చెప్పకున్రి."

"నా పండ్లని చెప్త."

దారానికి ముప్పావలా తీసుకున్నాడు. కూలి తీసుకోలేదు. ముడి వేసి, తనే లేచి పక్కకు జరిగి, కట్టమని నాకు సైగ చేశాడు. నేను కట్టాను.

బడికి మూడుంబావుకు చేరాము. పెద్ద పంతులమ్మ ఆర్డరు చదివి రిజిస్టరు తెరిచింది. అప్పుడే ఆయా చాక్‌పీసుల డబ్బా తెచ్చి పెట్టి, విమల మెడ వైపు వంగి చూసింది. "కొత్త పంతులమ్మా, గుండ్లు సొట్టలు పడ్డయి, చూసుకోలేదా?"

"చూసుకున్న. నేను కొరికినవే" అంది విమల.

ఆయా నోరు తెరిచి నా వైపు చూసింది. నేను తల ఊపాను. రిజిస్టరులో ఆ పేజీ మీద అంతకుముందు గడిలో నీలం సిరాతో ఒక వేలిముద్ర ఉంది, ఆయాదే. దాని కింది గడిలో విమల తన పేరు తెలుగులో, పూర్తిగా, తొందరపడకుండా రాసింది. లెక్కలతో పాటు ఇరవై ఏళ్ళు పిల్లలకు అక్షరాలూ దిద్దబెట్టిన నాకు ఆ దస్తూరీలో తప్పు కనిపించలేదు.

విమల అక్కడ తన చిన్నమ్మ ఇంట్లో ఉంటుంది. మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు నేను ఒక్కణ్ణే తిరిగి వచ్చాను. కోటు లోపలి జేబు ఖాళీగా ఉంది. గుంతల్లో చెయ్యి రెండు మూడు సార్లు అక్కడికి పోయింది. యశోద ఏనాడూ దుకాణంలో కొత్త పట్టుచీర కొనలేదు, నేనూ కొనిపెట్టలేకపోయాను. దానికి నేను సిగ్గుపడాలని కొందరు అనుకున్నారు. ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఇప్పుడు ఆమె కుట్టిన అంచు, ఆమె చెరపనివ్వని సొట్టలు ఒక బడిలో, అరవై మంది పిల్లల ఎదుట నల్లబల్ల దగ్గర నిలబడి ఉన్నాయి. ఆ బస్సులో నేను తలెత్తుకొని కూర్చున్నాను.

ఈ దారిలో పోయేవాళ్ళకు ఒక్క మాట. అవుసులాయన దగ్గరికి పాత నగ తీసుకుపోతే, ఏం చేయాలో తర్వాత చెప్పండి. ఏది ముట్టుకోకూడదో ముందు చెప్పండి, కుంపటి రాజేయక ముందే.