పన్నెండో అంతస్తు పాటలు

"మీ ఆంటీ పోయిందిరా," అన్నారు అంకుల్ ఫోన్లో. "రేపు సాయంత్రం మన బ్లాకు కింద ప్రార్థన కూడిక. తను కట్టిన ఆ కొత్త పాట నువ్వే పాడించాలి. ఇంకెవరికీ రాదు కదా," అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది.

నా గాత్రం గురించి పాఠకులకు మనవి చేయాలి. కాలేజీ హాస్టల్లో నేను స్నానం చేస్తూ పాడకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఆంటీ సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా సండేస్కూలు పిల్లలకి కథలూ కీర్తనలూ రాసేవారు. నేను చదువుకునే రోజుల్లో వాళ్ళ ఫ్లాట్‌లోనే ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. పాట కట్టగానే ముందు నాచేత పాడించేవారు. అదేదో గౌరవమని పొంగిపోయాను. "నీకొచ్చిందంటే ఇంకెవరికైనా వస్తుందిరా అబ్బాయ్," అని ఆవిడే నీళ్ళు చల్లారు.

కాపురం పన్నెండో అంతస్తులో. ఆవిడకేమో లిఫ్టంటే ప్రాణభయం. తలుపు మూసుకోగానే నా మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని పాట అందుకునేవారు. కిందికి చేరేసరికి పాట అయిపోవాలి. ఆవిడ పాటలన్నీ అంత పొట్టిగా ఉండేది అందుకే. పాస్టరుగారు ఇంకో చరణం కావాలంటే, "ఇంకో పది అంతస్తులు కట్టించండి, రాస్తాను," అన్నారు.

కథల్లోనూ అంతే. పులికి ఉరుమంటే భయం, ఏనుగుకి చీకటంటే భయం. "టైగర్ కూడా స్కేర్డా ఆంటీ? కెనాట్ లా," అని సింగపూర్ ఇంగ్లీషులో కుదరదనేసింది ఒక చిన్నది. "భయం లేనివాళ్ళకి పాటెందుకమ్మా," అన్నారు ఆంటీ.

కొత్త పాట మాటలు కాగితం మీదున్నాయి. బాణీ మాత్రం నా గొంతులోనే. రికార్డు చేద్దామంటే, "దగ్గు తగ్గనీరా," అన్నారు. తగ్గలేదు. అది నా దగ్గర జారిపోతే ఆంటీ ఇంకోసారి పోయినట్టే. అందుకని మర్నాడు ఎవరితోనూ మాట్లాడలేదు. ట్రైన్లో ఎవరి ఫోన్లోనో సినిమా పాట మోగితే చెవులు గట్టిగా మూసుకున్నాను.

సాయంత్రం పైన ఫ్లాట్‌లో అంకుల్‌ని పలకరించి, కూడికకి దిగడానికి పన్నెండో అంతస్తులో లిఫ్టెక్కాను. మణికట్టు పట్టుకునేవాళ్ళు లేరు. నా చెయ్యి నేనే పట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. భయానికి పాట నెమ్మదించింది. తలుపు తెరుచుకునేసరికి ఆఖరి పంక్తి మిగిలిపోయింది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు, పూలు, ఆంటీ ఉన్న పెట్టె, పిల్లలు. ఆగితే మర్చిపోతాను. తలుపు మళ్ళీ మూసుకోబోయింది.

ఆనాడు పులి గురించి అడిగిన చిన్నది పరిగెత్తుకొచ్చి బయటి బటన్ నొక్కిపట్టింది. "ఫినిష్ ఫస్ట్ లా, అన్నా."

"తలుపు తెరుచుకునేదాకా తోడుండు తండ్రీ," అని పాడాను. ఆ పిల్ల వెనకున్న పిల్లలు అదే పంక్తి అందుకున్నారు, నేను పాడినట్టే, కాస్త వంకరగా. ఆ పిల్ల కూడా పాడుతోంది, బటన్ మీద నుంచి వేలు తియ్యకుండా.