మామ పసుపును మట్టిలో కలిపిన అల్లుడు

శుభమా అని అందరూ గడపకు పసుపు రాసుకుంటారు. నేనొక్కణ్ణే మా మామ ఇంటి పసుపునంతా ఒక్క పూటలో మట్టిపాలు చేశాను. ఆ ఘనకార్యం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. మోర్తాడ్ దిక్కు జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నాది నిజామాబాద్‌లో సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. పసుపంటే నాకు తెలిసింది మార్కెట్ యార్డు ముందు నా బండికి అడ్డం వచ్చే బస్తాలు, వంటింట్లో పోపుల డబ్బా, అంతే. అలాంటివాణ్ణి ముందటేడు ఎండాకాలం మోర్తాడ్ దగ్గరి అత్తగారి ఊరికి పోయి, పనిలేక పంచాయతీ ముందు మీటింగులో కూర్చున్నాను. చేనులో పడ్డ వాన చేనులోనే ఇంకాలనీ, మట్టి కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా కందకం తవ్వి కట్ట పోయాలనీ ఒక ఆఫీసరు చెప్పాడు. అంతే, నాకు పూనకం వచ్చింది. ఆ రాత్రి పళ్లెంలో చారు పారిపోకుండా అన్నంతో కట్ట కట్టి మరీ తిన్నాను.

మా మామ రాజలింగం చేను బాగా వాలు. ఏటా పెద్దవానకు పైమట్టంతా వాగులోకి పోతుంది.

“మామా, ఈ యేడు పిడికెడు మట్టి గూడ పోనియ్య. నాకు ఇడిసిపెట్టు,” అన్నాను.

“మంచిది బిడ్డా. జేసీబీ మాట్లాడిన. రేపు మేమంత ముప్కాల్ పెండ్లికి పోతున్నం, నువ్వు జర దగ్గరుండి కట్ట ఏపియ్యి,” అన్నాడు పాపం మామ.

పొద్దున్నే జేసీబీ వచ్చింది. డ్రైవర్ సాయిలుది బోధన్ దిక్కు, పుట్టి పెరిగింది చెరకు తోటల్లో. నేను నడుం మీద చెయ్యి వేసుకుని, ఆనకట్ట కట్టించే ఇంజనీరులాగా నిలబడ్డాను. కందకం చకచకా సాగింది గానీ అడుగున రాయి తగిలింది. కట్ట మోకాలెత్తు దగ్గరే ఆగిపోయింది.

“మట్టి సాలదన్నా,” అన్నాడు సాయిలు.

చుట్టూ చూశాను. వేపచెట్టు నీడలో ఎవరో నాకోసమే పోసి పెట్టినట్టు పెద్ద మట్టి కుప్ప! పైన పేడతో నున్నగా అలికి ఉంది.

“అగో, గా కుప్ప ఎత్తు!”

“గింత మంచిగ అలికిండ్రు, ఏదన్న దేవునిది గాదు గదా?”

“మా మామకు సాఫ్‌గ ఉండుడు అలవాటు. మట్టిని గూడ అలుకుతడు.”

బకెట్టు కుప్పలో దిగింది. సాయిలు ముక్కు ఎగబీల్చాడు.

“అన్నా, పసుపు వాసన కొడ్తున్నది.”

“అరె, ఇది పసుపు పండే జాగ. ఈడ మట్టి గూడ గదే వాసన కొడ్తది. నువ్వు పొయ్యి!”

ఆకులూ అలములూ కూడా కనిపించాయి. ఎరువు కలిసిన మట్టి, కట్టకు ఇంకా బలం అనుకున్నాను. దూరం నుంచి వీడియో తీసుకుంటున్నవాడికి అంతకంటే ఏం కనిపిస్తుంది? అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను మాత్రం ఎవర్నీ అడగకుండానే నడుమెత్తు కట్ట పెట్టేశాను.

సాయంత్రం పెళ్లి నుంచి వచ్చి కట్ట చూసిన మామ కళ్లు మెరిశాయి. “శెబాష్ అల్లుడా! కొడుకున్నా గింత చెయ్యకపోవు,” అన్నాడు. నేను గాల్లో తేలిపోయాను. ఆయన కాళ్లు కడుక్కుందామని వేపచెట్టు దిక్కు పోయాడు. పోయినవాడు అక్కడే కొయ్యబారిపోయాడు.

“అల్లుడా, ఈడ కుప్పుండాలె గదా?”

“ఉండె మామా. కట్టల కలిపిన,” అన్నాను గర్వంగా.

మామ ఉన్నచోటే కూలబడ్డాడు. ఆయన వెంట పెళ్లి నుంచి వచ్చిన నా భార్య నెత్తి కొట్టుకుంది. “నీ తెలివి మన్నుగాను! అది మా బాపు ఇత్తనం కుప్ప!”

నాలాంటి జ్ఞానులు మీలో ఉంటే చెబుతున్నాను, వినండి. పసుపు తవ్వాక వచ్చే యేటికి విత్తనపు కొమ్ములను చెట్టు నీడలో కుప్ప పోసి, పసుపాకు కప్పి, ఎండకుండా పైన మట్టీ పేడా అలుకుతారు. నేను కట్టలో కలిపింది అదన్నమాట.

“మా అవ్వ కాలం నుంచి కాపాడుకుంట వచ్చిన ఇత్తనం బిడ్డా,” అన్నాడు మామ. “ఇది పోతే ఈ యేడు చేనంత ఖాళీగ పడావే.” అదే సమయానికి పడమట మబ్బు పట్టింది. వాన పడితే ఆ వదులు కట్ట విత్తనంతో సహా వాగులోకే! నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

పార వేస్తే కొమ్ములు తెగుతాయి. చేతులతోనే తవ్వాలి. ఊరి జనం గంపలు పట్టుకుని దిగారు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారే, మేము కట్టను తవ్వి పసుపును పట్టాం. నా పక్కన తవ్వుతున్న ఒక అవ్వ మెల్లగా అడిగింది, “పట్నంల పసుపును గిట్లనే దాస్తరా బిడ్డా?”

దేవుడి దయవల్ల మబ్బు ఉరిమి పోయింది. రెండో రోజుకల్లా విత్తనం దాదాపు అంతా దొరికింది. నా చేతులు మాత్రం పెళ్లికొడుకు చేతుల్లా పచ్చబడ్డాయి. తక్కువైన మట్టిని వాగులోంచి తెప్పించి కట్టను మళ్లీ పోశాను, ఈసారి ఉత్త మట్టితో.

ఉత్త మట్టే అనుకున్నాను. వానలు పడ్డాక చూస్తే, మా చేతులకు చిక్కని కొమ్ములన్నీ మొలిచి కట్ట పొడుగునా పసుపు చెట్లు! మట్టి కదల్లేదు, కందకంలో నీళ్లు నిండాయి. పక్క చేను రైతు వచ్చి, “రాజలింగన్నా, మా కట్టకు గూడ పసుపు పెట్టాలె. నీ అల్లున్ని ఒక్కరోజు తోలిస్తవా?” అన్నాడు.

“తోలిస్త,” అన్నాడు మామ, “ముందుగాల నీ ఇత్తనం ఇంట్ల దాసిపెట్టుకో.”

అందుకే భూమాత సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట అత్తగారి ఊళ్లో ఏ కుప్ప కనిపించినా, అది పేడకుప్పైనా సరే, దాని ఊరూ పేరూ పుట్టుపూర్వోత్తరాలూ అడగనిదే ముట్టను.

ఈ ఒట్టు నిరుడు మామ ముందు కూడా పెట్టాను. ఆయన తలూపుతూనే, అలికిన విత్తనం కుప్ప మీద ఒక కట్టె పాతి ఎర్రగుడ్డ కట్టాడు.

“దిష్టి తగులకుంటనా మామా?”

“దిష్టికి నిమ్మకాయ కట్టిన బిడ్డా. గుడ్డ నీకోసం.”