చీర తగలని సాళ్లు

మా అవ్వకు పొగాకు లేనిదే ఆకువక్క నోట్లోకి దిగదు. అంగడి పొగాకంటే ఆమెకు మంట. బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోపు పక్కనున్న చిన్న నేలచెక్కలో తన విత్తనం తానే వేసి, ఆకు ఆరబెట్టుకుని, ఏడాదంతా నములుతుంది. నాటేటప్పుడు ఆమెది ఒకటే చట్టం: మొక్కల మధ్య నడిస్తే చీర ఆకుకు తగలనంత ఎడం ఉండాలి. ఎందుకే అంటే, తగిలితే ఆకు చెడుతుందట!

నాయనకు ఆ ఖాళీ చూస్తే కడుపుమంట. "ఇంత నేల ఊరికే ఎండబెడతావేం మా?" అని ఒకటే సణుగుడు. ఒక ఏడు గూడూరు వైపు నుంచి కొత్త రకం నారు తెచ్చి, సగం చెక్కలో ఒత్తుగా నాటాడు. ఆకు పల్చగా ఉన్నా మోపులు మోపులుగా వచ్చింది. అవ్వ ఒక ముక్క నమిలి తుపుక్కున ఉమ్మేసింది.

"గడ్డి నమిలినట్టుండాది. నా ఇత్తనం ముందర ఇదొక ఆకా?"

"మోపులు సూడు మా! వచ్చే ఏడు నుంచి చెక్కంతా ఇదే ఏస్తా."

అవ్వ ముఖం వాడిపోయింది. ఆ విత్తనం ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. వేయడం మానేస్తే ఇక ఎక్కడా దొరకదని ఆమె దిగులు.

నన్ను మాత్రం వేరే పురుగు తొలిచింది. అవ్వది ఎడంగా, నాయనది ఒత్తుగా. మరి ఈ రుచి తేడా రకానిదా, ఎడానిదా? అడిగితే ఇద్దరూ "నీకేం పన్లేదా మే?" అన్నారు. లేదు కాబట్టే మరుసటి ఏడు చెక్క నాకిమ్మన్నాను. రెండు రకాలనూ ఎడంగా కొంత, ఒత్తుగా కొంత నాటాను. తలలు తుంచడం, పిలకలు గిల్లడం అన్నిటికీ ఒకేలా చేశాను. ఆకు ఆరాక, ఏది ఏదో చెప్పకుండా నాలుగు ముక్కలు అవ్వ ముందు పెట్టాను.

"ఈ రెండూ మీ నాయన గడ్డే," అని ఉమ్మేసింది. మిగతా రెండూ నమిలి కళ్లు మూసుకుంది. "ఇవి నావి!"

ఉమ్మేసిన వాటిలో ఒకటి ఆమె విత్తనమే, ఒత్తుగా నాటింది. మెచ్చిన వాటిలో ఒకటి నాయన రకం, ఎడంగా నాటింది. నిజం చెప్పేసరికి నాయన పకపకా నవ్వాడు. నాకైతే అవ్వ వైపు చూడాలంటే భయమేసింది. ఆమె మెచ్చిన రెండు ముక్కలనూ మరోసారి కొరికి చూసింది.

"ఏ ఇత్తనమన్నా ఏసుకో పోరా," అంది చివరికి. "నా చీర మాత్రం తగలగూడదు."

నాయన నవ్వు ఆగిపోయింది. ఈ ఏడు నాట్లప్పుడు ఆయన అవ్వను ముందు నడవమన్నాడు. చీర అంచు చూసుకుంటూ, ఆమె వెనకే ఆమె విత్తనపు నారే నాటుకుంటూ పోయాడు.